ఇంజన్ లైట్ వెలిగితే: కోడ్ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

మీటర్ మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. బండి బాగానే నడుస్తుంటుంది, మహా అయితే పికప్ కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. షెడ్డుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూసి, "పి0171 వచ్చింది సార్, ఆక్సిజన్ సెన్సార్ పోయింది" అంటారు. వేలు పోసి కొత్త సెన్సార్ వేయిస్తే లైటు ఆరిపోతుంది. పది రోజుల్లో మళ్లీ వెలుగుతుంది. ఈసారి కాయిల్ అంటారు, ఆ తర్వాత పంపు అంటారు.

ఇక్కడ స్కానర్ అబద్ధం చెప్పలేదు. అది చెప్పినదాన్ని చదివిన తీరులోనే తేడా ఉంది. పి0171కి అర్థం "ఆక్సిజన్ సెన్సార్ పాడైంది" అని కాదు. "పొగలో ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తోంది, పెట్రోల్ ఎంత పెంచినా సరిపోవడం లేదు" అని. ఆ సంగతి కనిపెట్టి చెప్పింది ఆక్సిజన్ సెన్సారే. దాన్నే పీకి పారేయడమంటే స్టేషన్‌కి వచ్చి ఫిర్యాదు ఇచ్చినవాణ్ని లాకప్పులో వేయడమే. పాత కారులో ఇంజన్ లైటు పని పట్టాలంటే కోడ్ ఏ పరీక్ష తప్పిందో చెబుతుందే గాని, ఏ పార్టు మార్చాలో చెప్పదన్న ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

ఈ వ్యాసం పదేళ్లు పైబడిన పెట్రోల్ కార్ల గురించి. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఐ10, శాంత్రో తరహా బండ్లు. డీజిల్ బండ్ల రోగాలు వేరు, వాటిని ఇక్కడ కలపడం లేదు.

ముందు లైటునే చూడాలి

ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే ఇంజన్ బొమ్మ వెలగాలి. స్టార్ట్ అయిన కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. తాళం ఆన్ చేసినా వెలగలేదంటే సంతోషించకండి. బల్బు మాడి ఉండొచ్చు, లేదా బండి అమ్మేవాళ్లు మీటర్ విప్పి దాన్ని పీకేసి ఉండొచ్చు.

నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే ఇంటికి వెళ్లి నింపాదిగా చూసుకోవచ్చు. మిణుకుమిణుకుమంటూ ఆరి వెలుగుతుంటే సంగతి వేరు. ఇంజన్‌లో మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోకపోవడం) ఎక్కువై, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోతోందని అర్థం. ఆ పెట్రోల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. కన్వర్టర్ లోపలి పింగాణీ తేనెపట్టు కరిగి ముద్దయిపోవడానికి ఎక్కువ దూరం నడపనక్కర్లేదు. కొన్ని వందల రూపాయల ప్లగ్గుతో పోయేది కన్వర్టర్ దాకా వచ్చేది ఇలాగే. యాక్సిలరేటర్ మీద కాలు తేల్చి, పక్కకు ఆపడమే మంచిది. ఆయిల్ లైటు, టెంపరేచర్ లైటు ఎర్రగా వెలిగితే మాత్రం ఈ ఆలోచనలేవీ వద్దు, వెంటనే ఇంజన్ ఆపేయాలి.

ఏ బండికి ఏ స్కానర్

మన దేశంలో హైదరాబాద్ సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్ నుంచి బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణం మొదలైంది. దేశమంతటికీ అది వచ్చింది 2017 ఏప్రిల్‌లో. బండి తన తప్పుల్ని తానే కనిపెట్టి కోడ్ రాసుకునే ఏర్పాటు పేరు ఓబీడీ. బీఎస్-4 కార్లకు మొదట ఓబీడీ-1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి చేశారు. అందుకే 2012లో హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన బండి, అదే నెలలో జిల్లాలో రిజిస్టర్ అయిన అదే మోడల్ బండి లోపల ఒకటి కాకపోవచ్చు. ఒకదానిలో కన్వర్టర్ వెనక రెండో ఆక్సిజన్ సెన్సార్ ఉండొచ్చు, ఇంకోదానిలో లేకపోవచ్చు. పార్టు కొనేముందు బండి కిందికి వంగి చూసుకోవడం మేలు.

స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డ్ అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. 2013 తర్వాతి కార్లకు బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసే ఈఎల్ఎం327 రకం అడాప్టర్ సరిపోతుంది, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. అంతకు ముందువి చాలావరకు 7వ పిన్ను మీద ఉండే కె-లైన్ అనే పాత పద్ధతిలో మాట్లాడతాయి. చౌక నకలు అడాప్టర్లలో కొన్నింటికి ఆ భాష రాదు. అలాంటప్పుడు ఆ కంపెనీ బండ్ల కోసం చేసిన స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి. ఇంకా పాత మారుతి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) బండ్లలో డయాగ్నసిస్ కప్లర్‌లో రెండు టెర్మినళ్లను తీగతో కలిపితే ఇంజన్ లైటే కోడ్‌ని మిణుకుల్లో చెబుతుంది. ఒక మిణుకు, కాస్త విరామం, రెండు మిణుకులు వస్తే 12, అంటే తప్పేమీ లేదని. ఏ రెండు టెర్మినళ్లో ఆ మోడల్ మాన్యువల్‌లో చూశాకే తీగ పెట్టాలి. ఊహించి పెడితే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, కాలిపోవచ్చు.

అడాప్టర్ పెట్టినా దానిలో లైటే రాలేదంటే అడాప్టర్‌ని తిట్టకముందు ఫ్యూజులు చూడండి. సాకెట్‌లో 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు రావాలి, 4, 5 పిన్నులు ఎర్తింగ్. చాలా కార్లలో ఆ కరెంటు లోపలి లైటుకో లైటర్ సాకెట్‌కో వెళ్లే ఫ్యూజు మీదుగానే వస్తుంది. ఎప్పుడో ఫోన్ ఛార్జర్ షార్ట్ అయి పోయిన ఫ్యూజు ఇప్పుడు బయటపడుతుంది.

క్లియర్ బటన్ నొక్కకముందు

షెడ్డుల్లో జరిగే పెద్ద తప్పు ఇదే: కోడ్ చూడగానే క్లియర్ కొట్టడం. దానితో కోడ్ ఒక్కటే పోదు. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎలా ఉందో ఈసీయూ రాసిపెట్టుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ఇన్నాళ్లుగా అది నేర్చుకున్న పెట్రోల్ సవరణలూ పోతాయి. నేరం జరిగిన చోట నీళ్లు కొట్టి కడిగేసినట్టే.

ముందు ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. ఖాయమైన కోడ్‌లు ఏవి, పెండింగ్‌లో ఉన్నవి ఏవి అన్నది వేర్వేరుగా చూడాలి. చాలా లోపాలకు ఈసీయూ మొదటిసారి చూసినప్పుడు పెండింగ్‌లో పెట్టి, తర్వాతి ప్రయాణంలోనూ అదే తప్పు కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. లైటు ఇవాళ వెలిగిందంటే తప్పు ఇవాళే మొదలైందని కాదు.

తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్. అందులో ఇంజన్ వేడి, ఆర్‌పీఎం, వేగం, లోడు, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో తగ్గించిందో) ఉంటాయి. పి0171 పడినప్పుడు వేడి 90 డిగ్రీలు, వేగం 85, లోడు 75 శాతం ఉంటే పెట్రోల్ తగినంత అందడం లేదని ముందుగా అనుమానించాలి. అదే కోడ్ బండి ఆగి, ఇంజన్ ఐడిలింగ్‌లో 800 దగ్గర తిరుగుతుండగా పడి ఉంటే వెతకాల్సిన చోటు వేరు. కోడ్ ఒకటే అయినా జబ్బులు రెండు.

ఒకేసారి సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు వస్తే నాలుగైదు సెన్సార్లు కూడబలుక్కుని పోవు. వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి. మొదట బ్యాటరీ: రాత్రంతా ఆగిన బండిలో 12.4 నుంచి 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ముందు బ్యాటరీ సంగతి చూడాలి. తర్వాత ఎర్తింగ్: హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి, ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన ఇంజన్ లోహం మీద పెడితే 0.2 వోల్టుకు మించి చూపకూడదు. మించితే ఎర్త్ తీగ బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించండి. దీనికి పార్టు ఖర్చు లేదు. మూడోది సెన్సార్లకు ఈసీయూ పంపే 5 వోల్టుల సరఫరా. ఒక సెన్సార్ లోపల షార్ట్ అయితే ఆ లైను మీదున్నవన్నీ పడిపోతాయి. ఒక్కొక్క కప్లర్ తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో దొంగ అదే.

ఎలుకల సంగతి వేరే చెప్పాలా. వారం పది రోజులు కదలకుండా ఉన్న బండిలో వెచ్చటి ఇంజన్ పైన అవి కాపురం పెడతాయి. ఇంజెక్టర్ల వైరింగ్, ఆక్సిజన్ సెన్సార్ తీగలు వాటికి ఇష్టమైనవి. స్కానర్ పెట్టకముందే టార్చి వేసి తొంగి చూడటం దండగేమీ కాదు.

పి0171: పేరు లీన్, ప్లగ్గులేమో నల్లగా

లీన్ అంటే గాలికి తగినంత పెట్రోల్ లేకపోవడం. ఎక్కువమందిని తప్పుదారి పట్టించే కోడ్ ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

కన్వర్టర్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సార్ పెట్రోల్‌ని కొలవదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌నే కొలుస్తుంది. ఆక్సిజన్ ఎక్కువుంటే 0.1 వోల్టు దగ్గర, తక్కువుంటే 0.9 దగ్గర సంకేతం ఇస్తుంది. వేడెక్కిన ఇంజన్‌లో ఈ రెంటి మధ్య చకచకా ఊగుతుండాలి. ఆ ఊపును చూసి ఈసీయూ పెట్రోల్‌ని సవరిస్తుంది. అప్పటికప్పుడు చేసేది షార్ట్ టర్మ్ ట్రిమ్, అలవాటుగా మారినది లాంగ్ టర్మ్ ట్రిమ్. రెండింటినీ కలిపి చూడాలి. మొత్తం ప్లస్ మైనస్ 5 శాతం లోపు ఉంటే ఆరోగ్యం, 10 దాకా పాత బండికి పరవాలేదు. మొత్తం ప్లస్ 20, 25 దాటితే ఈసీయూ చేతులెత్తేసి పి0171 పెడుతుంది.

ఇప్పుడు తిరకాసు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర ప్యాకింగ్ కాలి, సెన్సార్‌కి ముందు చిన్న చిల్లు పడిందనుకోండి. పొగ బయటికి పోవడమే కాదు, పొగ పోటు తగ్గిన క్షణాల్లో బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. సెన్సార్‌కి ఆక్సిజన్ కనిపించి "పెట్రోల్ తక్కువ" అంటుంది. ఈసీయూ నమ్మి పెట్రోల్ పెంచుతుంది. ఇంజన్‌లో నిజానికి పెట్రోల్ ఎక్కువై ప్లగ్గులు మసిబారతాయి, మైలేజ్ పడిపోతుంది, కోడ్ మాత్రం "పెట్రోల్ తక్కువ" అనే ఉంటుంది. ఒక సిలిండర్‌లో మిస్సింగ్ ఉన్నా ఇంతే. మండని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ అంతా పొగలోకి వస్తుంది. అందుకే పి0171తో పాటు పి0300 వరుస కోడ్ ఏదైనా ఉంటే ముందు మిస్సింగ్ పని పట్టాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో మ్యానిఫోల్డ్ దగ్గర టక్‌టక్‌మని శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గిపోతే ప్యాకింగ్‌ని అనుమానించండి.

లీన్ కోడ్‌కి యూట్యూబ్ నిండా కనిపించే సలహా "వాక్యూం లీక్ వెతకండి" అని, అంటే ఇంజన్‌లోకి దొంగదారిన గాలి చొరబడే చోటు వెతకమని. ఆ సలహా చాలావరకు అమెరికా నుంచి వస్తుంది, అక్కడ ఎన్నో కార్లకు గాలి రాశిని కొలిచే మాఫ్ సెన్సార్ ఉంటుంది. మాఫ్ దాటాక దొంగచాటుగా చొరబడిన గాలి లెక్కలోకి రాదు కాబట్టి అక్కడ అది నిజమే. ఐడిలింగ్‌లో ట్రిమ్ ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర 5కి దిగిపోతే వాక్యూం లీకే.

మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి మాఫ్ ఉండదు. మ్యాప్ సెన్సార్ ఉంటుంది, అది ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని కొలుస్తుంది. బ్రేక్ బూస్టర్ గొట్టమో, ఇంజన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ గొట్టమో చిట్లి గాలి చొరబడితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది, మ్యాప్ దాన్ని చూస్తుంది, ఈసీయూ తగినంత పెట్రోల్ కలుపుతుంది. ఫలితం లీన్ కోడ్ కాదు, ఐడిలింగ్ రేస్ పెరగడం. 800 ఉండాల్సింది 1200 దగ్గర తిరుగుతుంది, పి0507 రావచ్చు. కాబట్టి మ్యాప్ ఉన్న బండిలో పి0171 వస్తే గొట్టాల కంటే ముందు పెట్రోల్ సరఫరా, ఎగ్జాస్ట్ లీకు, మిస్సింగ్, సెన్సార్లు చూడాలి. ఒక్క మినహాయింపు: ఏదో ఒక సిలిండర్ దగ్గర ఇంజెక్టర్ ఓ-రింగ్ ఎండిపోతే ఆ సిలిండర్ ఒక్కటే లీన్ అయి మిస్ కొడుతుంది.

మ్యాప్ సెన్సార్‌ని పరీక్షించడానికి పైసా ఖర్చు లేదు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి లైవ్ డేటా చూడండి. అప్పుడది చూపేది ఆ ఊరి వాతావరణ పీడనమే. విశాఖలో 100 కిలోపాస్కల్ చుట్టూ, సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తున్న హైదరాబాద్‌లో 95 చుట్టూ ఉండాలి. 70 చూపిస్తే సెన్సారో దాని తీగో తప్పు. వేడెక్కి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఏసీ ఆపి చూస్తే 25 నుంచి 40 మధ్య ఉంటుంది.

ఆక్సిజన్ సెన్సార్ బతికే ఉందా అన్నదీ మార్చకుండానే తెలుస్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఒక్కసారి గట్టిగా రేస్ ఇచ్చి వదలండి. రేస్ ఇచ్చినప్పుడు 0.8 దాటి, వదిలినప్పుడు 0.1 దరిదాపులకు పడిపోతే సెన్సార్ పనిచేస్తోంది. 0.45 దగ్గర బిగుసుకుపోయి కదలకపోతే అది చల్లగా ఉండొచ్చు, హీటర్ ఫ్యూజు పోయి ఉండొచ్చు, తీగ తెగి ఉండొచ్చు. పి0135 కోడ్ హీటర్ గురించే. కప్లర్ తీసి హీటర్ పిన్నుల మధ్య కొలిస్తే కొద్ది ఓమ్‌లు రావాలి. మీటర్ అసలే కదలకపోతేనే సెన్సార్ మార్చండి.

మిగిలింది పెట్రోల్ సరఫరా. ట్రిమ్ ఐడిలింగ్‌లో బాగుండి, నాలుగో గేరులో ఎత్తెక్కుతుంటే పెరుగుతూ పోతే పంపు లేదా ఫిల్టర్ మీద అనుమానం. ప్రెషర్ గేజ్ పెట్టి చూడాలి. చాలా చిన్న పెట్రోల్ కార్లలో 3 నుంచి 3.5 బార్ ఉంటుంది, మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూసుకోండి. ఐడిలింగ్‌లో సరిగా ఉండి రేస్ ఇచ్చినప్పుడు పడిపోతే ఫిల్టర్ మూసుకుందనో పంపు అలసిందనో అర్థం. ట్యాంకు ఎప్పుడూ రిజర్వ్‌లోనే నడిపే బండ్లలో పంపు త్వరగా పోతుంది. ట్యాంకులోని పెట్రోలే దాన్ని చల్లబరచాలి మరి.

దీనికి ఈ మధ్య ఇంకోటి తోడైంది. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. 10 శాతం ఇథనాల్ కలిస్తే 14.1, 20 శాతం కలిస్తే 13.5 చాలు. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. 2025 నాటికి బంకుల్లో దాదాపు అంతటా ఈ20నే (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పోస్తున్నారు. ఈ10 నుంచి ఈ20కి మారితే ట్రిమ్ సుమారు 4 శాతం పైకి జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న బండి దాన్ని సర్దుకుంటుంది. ఇప్పటికే ప్లస్ 18 దగ్గర ఈడ్చుకొస్తున్న బండిని మాత్రం ఆ నాలుగే గీత దాటిస్తుంది. అప్పుడు పెట్రోల్‌ని నిందించడం తేలిక, కానీ ఆ 18 ఎక్కడిదో వెతకాలి.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు వేసిన బండ్లకు ఇది ఇంకో చిక్కు. గ్యాస్ కిట్ ట్యూనింగ్ సరిగా లేకపోతే గ్యాస్ మీద నడిచినంతసేపూ పెట్రోల్ ఈసీయూ తప్పుడు సవరణలు నేర్చుకుంటుంది, పెట్రోల్‌కి మారగానే కోడ్ పడుతుంది. పరీక్ష సులువు: ట్రిమ్ చూస్తూ రోజంతా పెట్రోల్ మీదే నడపండి. అంకెలు మెల్లగా సున్నా వైపు వస్తే కిట్ ట్యూనింగ్ చేయించాలి, సెన్సార్లు కాదు.

మిస్సింగ్: మార్చడం కాదు, అటుదిటు చేయడం

పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్, పి0302 రెండోది, అలా. పి0300 అంటే ఎక్కడ పడితే అక్కడ. ప్రతి ప్లగ్గు మీదా రవ్వ పుట్టించే ఒక కాయిల్ ఉన్న మారుతి కె-సిరీస్ ఇంజన్‌లో పరీక్ష పది నిమిషాల పని. పి0302 వస్తే రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానిలో, మూడోదాన్ని రెండులో పెట్టి నడపండి. కోడ్ పి0303గా మారితే కాయిల్ పోయింది. మారకపోతే కాయిల్‌ని వదిలేసి ప్లగ్గు మార్చి చూడండి, తర్వాత ఇంజెక్టర్. ఒకసారికి ఒకటే కదపాలి. రెండూ కలిపి మారిస్తే ఏది పోయిందో ఎప్పటికీ తెలియదు.

పొడవాటి ప్లగ్ వైర్లున్న పాత నాలుగు సిలిండర్ల బండ్లలో ఒక కాయిల్ రెండు సిలిండర్లకు పనిచేస్తుంది, సాధారణంగా 1-4 ఒక జత, 2-3 ఒక జత. ఒకటి, నాలుగు కలిసి మిస్ అయితే కాయిల్, ఒక్కటే అయితే వైరు లేదా ప్లగ్గు. చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా వైర్ల మీద స్ప్రే బాటిల్‌తో నీటి తుంపర కొడితే లీకైన చోట నీలం రవ్వలు కనిపిస్తాయి. చేయి దూరంగా ఉంచండి, ఆ కరెంటు గట్టిగా కొడుతుంది.

కాయిల్ తీసినప్పుడు దాని కింది రబ్బరు గొట్టం ఆయిల్‌తో తడిసి ఉందేమో చూడండి. ప్లగ్గు గుంతలో ఆయిల్ నిలిచి ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్, దానితో వచ్చే ప్లగ్ రింగులు గట్టిపడ్డాయి. వాటిని మార్చకుండా కొత్త కాయిల్ వేస్తే అదీ నానిపోతుంది. ప్లగ్గు గ్యాప్ చాలా పెట్రోల్ కార్లలో 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు. గ్యాస్ మీద నడిచే బండికి 0.7, 0.8 దాకా తగ్గిస్తారు, గ్యాస్‌ని అంటించడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి.

కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్ అన్నీ సరిగా ఉండి అదే సిలిండర్ మిస్ కొడుతుంటే కంప్రెషన్ చూడక తప్పదు. ప్లగ్గులన్నీ తీసి, ఇంజెక్టర్లకు, కాయిళ్లకు కరెంటు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా ఒక బార్ మించకూడదు. తక్కువున్న దానిలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె పెరిగిందా, రింగులు. పెరగలేదా, వాల్వులు. ఏళ్లపాటు గ్యాస్ మీద తిరిగిన బండ్లలో వాల్వ్ సీటు అరిగి, టాపెట్ గ్యాప్ మూసుకుపోయి, వాల్వు పూర్తిగా పడక కాలిపోతుంది. వేడెక్కాక ఐడిలింగ్‌లోనే మిస్సింగ్ ఎక్కువగా ఉండటం దీని గుర్తు.

మిస్సింగ్ కాకుండా, గంట నడిచాక ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయి, అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయితే, ఇంజన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సార్ మీద కన్నేయండి. ఆగిపోయినప్పుడే సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడండి. ఇంజన్ తిరుగుతున్నా అక్కడ సున్నా ఉంటే సెన్సార్ లేదా దాని తీగ. చల్లారాక షెడ్డుకి తీసుకెళ్తే ఎవరికీ ఏమీ దొరకదు.

పి0420, తీసేసిన వాల్వు

కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పి0420 ఓబీడీ-2 బండ్లలో వస్తుంది. కన్వర్టర్ ఆరోగ్యంగా ఉంటే ముందు సెన్సార్ ఊగుతున్నా వెనక సెన్సార్ 0.6, 0.7 దగ్గర నింపాదిగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగడం మొదలుపెడితే కన్వర్టర్ ఆక్సిజన్‌ని నిలవ చేసుకునే శక్తి పోగొట్టుకుందని ఈసీయూ తేలుస్తుంది. అంటే వెనక సెన్సార్ ఊగుతోందంటే అది బాగా పనిచేస్తోందనే. దాన్ని మార్చి ప్రయోజనం లేదు. సెన్సార్ కింద స్పేసర్ పెట్టి దూరం జరపడం షెడ్డుల్లో నడిచే చిట్కా, లైటు ఆరుతుంది గాని పొగ మారదు. కన్వర్టర్ మార్చేముందు అది ఎందుకు చచ్చిందో తెలియాలి: మిస్సింగా, ఆయిల్ తాగుతోందా. కారణం అలాగే ఉంటే కొత్తదీ పోతుంది. మార్చిస్తే పాతదాన్ని అడిగి తీసుకోండి. అందులో పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి, తుక్కు కింద కూడా దానికి మంచి ధర పలుకుతుంది.

ఇంజన్ వేడికి సంబంధించిన కోడ్‌ల దగ్గర మన ప్రాంతానికి సొంతమైన అలవాటు ఒకటుంది. ఎండలు ఎక్కువని రేడియేటర్ పని చేసినప్పుడు థర్మోస్టాట్ వాల్వు తీసేస్తారు. 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన వాల్వు లేకపోతే హైవే మీద ఇంజన్ 65, 70 దాటదు. ఈసీయూ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. కొన్ని బండ్లలో, ఇంజన్ తగినంత వేడెక్కడం లేదనే పి0128 వస్తుంది. చాలావాటిలో కోడే రాదు, మైలేజ్ మాత్రం పోతుంది. ఇంజన్ వేడెక్కడం నిజంగా సమస్యైతే ఫ్యాను, రేడియేటర్, కూలెంట్ చూడాలి. వాల్వు తిరిగి పెట్టించండి.

వేడి సెన్సార్‌ని తెల్లవారుజామున పరీక్షించాలి. రాత్రంతా ఆగిన బండిలో కూలెంట్ వేడి, లోపలికొచ్చే గాలి వేడి రెండు మూడు డిగ్రీల తేడాతో ఒకటే చూపాలి. గాలి 27, కూలెంట్ మైనస్ 40 చూపిస్తే తీగ తెగింది లేదా కప్లర్ ఊడింది. విడిగా కొలిస్తే చాలా సెన్సార్లు 20 డిగ్రీల దగ్గర 2.5 కిలో ఓమ్‌ల చుట్టూ, 80 దగ్గర 0.3 చుట్టూ ఉంటాయి.

అమెరికాలో పాత క్యామ్రీలు, కరోలాలు నడిపే మనవాళ్లకు ఒక మాట. అక్కడ పెట్రోల్ ఆవిరి లీకును కూడా బండి పరీక్షిస్తుంది. పి0442, పి0455 వస్తే ముందు ట్యాంకు మూత, దాని రబ్బరు చూడండి. ఇక్కడి బీఎస్-4 కార్లలో ఆ లీకు పరీక్ష లేదు కాబట్టి, మూత బిగిస్తే లైటు పోతుందన్న సలహా ఇక్కడ పనికిరాదు.

బాగుచేశాక

తప్పు దొరికి సరిచేశాకే క్లియర్ చేయాలి. చేయకపోయినా వరుసగా మూడు ప్రయాణాల్లో ఆ తప్పు కనిపించకపోతే లైటు తనంతట తానే ఆరుతుంది. కోడ్ మాత్రం దాదాపు 40 సార్లు ఇంజన్ చల్లారి వేడెక్కేదాకా జ్ఞాపకంలో ఉంటుంది. బ్యాటరీ తీగ తీసి చెరిపేస్తే ఐడిలింగ్ సెట్టింగ్ కూడా పోయి, రెండు మూడు రోజులు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇంజన్ ఆఫ్ అవుతూ విసిగించవచ్చు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీని శుభ్రం చేసిన తర్వాతా ఇదే కనిపిస్తుంది.

క్లియర్ చేశాక కనీసం నాలుగైదు రోజులు ఊళ్లోనూ హైవే మీదా నడిపి, పెండింగ్ కోడ్‌లు మళ్లీ చూడండి. లాంగ్ టర్మ్ ట్రిమ్ ఎక్కడ స్థిరపడిందో రాసుకోండి. బాగుచేయకముందు ప్లస్ 22 ఉన్నది ప్లస్ 4కి వస్తే అసలు కారణమే దొరికింది. ప్లస్ 17 దగ్గర ఆగితే లైటు ఆరింది గాని పని పూర్తి కాలేదు.

ఇదే అడాప్టర్ సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడూ అక్కరకొస్తుంది. ఓబీడీ-2 బండ్లలో స్కానర్ యాప్ తెరిస్తే "కోడ్‌లు చెరిపాక నడిచిన దూరం" అని ఒక అంకె ఉంటుంది. పదకొండేళ్ల బండి, మీటర్ మీద ఇంజన్ లైటు లేదు, అమ్మేవాళ్లు ఇన్నేళ్లలో ఎప్పుడూ వెలగలేదంటున్నారు, ఆ అంకె మాత్రం 3 కిలోమీటర్లు చూపిస్తోంది. బేరం ఆడకముందు ఆ బండిని వంద కిలోమీటర్లు నడిపి చూస్తానని అడగండి.